కాగితం కప్పు ముందు నా చేతులు పట్టుకున్న దేవుడు

ప్రభువును ప్రేమించే నా సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు! పోయిన నెల కూడికలో నేను సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఐదు నిమిషాలకే మైకు తీసేసుకున్నారు, ఎవరు తీసుకున్నారో నాకు బాగా గుర్తుంది, పేరు రాయను. ఇప్పుడు మన పత్రికవాళ్లే రాసివ్వమన్నారు కాబట్టి దేవుడు చేసిన కార్యాన్ని మొదటినుంచీ రాస్తాను.

కొందరిని ఆయన తాగుడు నుంచి విడిపించాడు, కొందరిని జబ్బు నుంచి లేపాడు. నన్ను పట్టి పీడించింది పగ. ఇరవై రెండేళ్లు! ఎవరి పెళ్లిలో నన్ను ఏ మూల కూర్చోబెట్టారో, ఏ ఆఫీసులో ఎవరు నన్ను చూసి కుర్చీ పక్కకు జరిపారో అన్నీ తారీకులతో సహా చెప్పేవాణ్ణి. నిజామాబాదులో టీచరు ఉద్యోగం, మంచి భార్య, ఇద్దరు పిల్లలు, అన్నీ ఇచ్చాడు దేవుడు, అయినా నేను ఇంటికి వస్తున్నానంటే పిల్లలు టీవీ ఆపేసి పుస్తకాలు తీసేవాళ్లు. బీపీ మాత్రలు పెరిగాయి గాని లోపలి మంట తగ్గలేదు.

ఆ మంట ఎక్కడ అంటుకుందో చెబుతాను. మా ఊరు బోధన్ నుంచి నవీపేట్ వైపు వెళ్లే దారిలో ఉంది. ఊరి హోటల్లో అందరికీ గాజు గ్లాసు, మా మాదిగవాడకు చూరులో దోపిన వేరే గ్లాసు, అది మేమే తీసుకొని తాగి, మేమే కడిగి మళ్లీ దోపాలి. నేను బోధన్‌లో డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టలుకు వచ్చిన చరిత్ర సారు ఒక సాయంత్రం అమెరికాలోని నల్లజాతి కాలేజీ విద్యార్థుల సంగతి చెప్పాడు. తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే హోటళ్లలోకి వాళ్లు ఉతికిన బట్టలతో, చేతిలో పుస్తకాలతో వెళ్లి కూర్చొని కాఫీ అడిగేవాళ్లట, నెత్తిన చక్కెర పోసినా, సిగరెట్లతో కాల్చినా తల ఎత్తకుండా చదువుకునేవాళ్లట, జైలుకు పట్టుకుపోతే ఖాళీ అయిన కుర్చీల్లో వేరేవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లట, ఆ కాలేజీల్లో చదివి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వెనక నిలబడేవాళ్లట. వెళ్లేముందు చర్చిల్లో ప్రార్థన చేసి, తిట్లను ఓర్చుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నారట! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మేము ఏడుగురం మా ఊరి హోటల్లోకి వెళ్లి కూర్చున్నాం, కానీ నేర్చుకోకుండా కూర్చున్నాం. మూడో రోజు హోటలాయన కులం పేరు పెట్టి తిడుతూ వేడి చాయ్ నా నెత్తిన పోశాడు, నేను గ్లాసుతో కొట్టాను, రక్తం వచ్చింది. అయ్యో! అప్పటిదాకా మా వైపు జాలిగా చూసినవాళ్లంతా ఒక్క క్షణంలో అతని వైపు తిరిగిపోయారు. ఏడుగురి మీదా కేసు పడింది, మాతో వచ్చిన రాజమణిని వాళ్ల ఇంట్లో చదువు మాన్పించారు. నా ప్రాణ స్నేహితుడు ప్రకాశం అందరి ముందూ, "నీ ఒక్క చెయ్యి మా అందరి కడుపు కొట్టిందిరా" అన్నాడు. కాలిన నెత్తి మానింది, ఆ మాట మానలేదు. ఆనాటి నుంచి నేను ప్రకాశంతో మాట్లాడలేదు.

పోయిన చలికాలం, చెరకు లారీలు తిరిగే రోజుల్లో, మా వాడ నుంచి డిగ్రీ చదివే పిల్లలు ఐదుగురు మా ఇంటికి వచ్చారు. చూరులో గ్లాసు పోయి చాలా ఏళ్లయింది, హోటలాయన పోయి కొడుకు కూర్చున్నాడు, అందరికీ గాజు గ్లాసే, మా వాడవాళ్లకు మాత్రం కాగితం కప్పు! అడిగితే శుభ్రత అంటున్నాడట. కండక్టరుగా పనిచేస్తున్న ప్రకాశం పిల్లలకు పాత సంగతంతా చెప్పాడట, మళ్లీ కూర్చుందామని వాళ్లు నిర్ణయించుకున్నారు, పాత విద్యార్థులు కూడా పక్కన ఉండాలని అడగడానికి వచ్చారు. వాళ్లకు పెద్ద రూతు అనే పిల్ల. నా ముఖం మీదే చెప్పింది.

"అన్నా, నువ్వొస్తె మాకు ధైర్యం. కానీ చెయ్యి లేపొద్దు. లేపుతా అంటె మాత్రం ఇంట్లనే ఉండు, మేం పోతం."

నాకు ఎంత కోపం వచ్చిందో! నా భార్య లోపలి నుంచి, "పిల్ల సక్కగనే చెప్పింది" అని నవ్వింది.

శనివారం మధ్యాహ్నం మా వాడ మందిరంలో అభ్యాసం పెట్టుకున్నాం. కొందరు కుర్చీల్లో కూర్చుంటారు, కొందరు హోటలువాళ్లలాగా తిట్టాలి. మందిరంలో తిట్టడానికి పిల్లలకు నోరు రాలేదు, "మీరు పొండి ప్లీజ్" అంటారు! వరండాలో బీడీలు చుడుతున్న అవ్వలు పడి పడి నవ్వారు. శాంతమ్మ అవ్వ చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది.

"జరుగుండ్రి. గట్ల తిడ్తరా? తిట్లు తిన్నోళ్లం మేం, మాకెర్క."

వచ్చి నా ముందే నిలబడింది, నడుముకు చేతులు పెట్టుకుంది.

"ఏందిరా, నాల్గక్షరాలొస్తె బల్లెక్కి కూసుంటవా? మీ అయ్య నా వాకిట్ల చెప్పులు చేతుల వట్టుకొని నడిచిండు. నువ్వు బూట్లేసుకొనొస్తవా?"

నేను లేచాను, కుర్చీ వెనక్కి పడింది, నా చెయ్యి పైకి లేచే ఉంది. ఎనభై ఏళ్ల అవ్వ మీదికి, దేవుని మందిరంలో! పిల్లలు బిగుసుకుపోయారు. రూతు ముఖం చూశాను, "అనుకున్నంత పనీ అయింది" అన్నట్టుంది. ఈ పిల్లల పనిని కూడా నేనే పాడు చేస్తానని అప్పుడు నాకు తెలిసిపోయింది.

అవ్వ నా గడ్డం పట్టుకుంది.

"కూసో బిడ్డా. గా మాట నాది గాదు. మీ బాపును ఊరి దొరలు గట్ల అన్నప్పుడు నేను ఎన్క చెరుకు మోపు మోస్తున్న. గిన్నేండ్లు కడుపుల వెట్టుకున్న, ఎవ్వరికి చెప్పలె."

సహోదరులారా, లోకంలో అన్నీ గుర్తుంచుకునేది నేనొక్కణ్ణే అనుకున్నాను! అవ్వకు నాకంటే ఎక్కువ గుర్తుంది, మా బాపుకు జరిగిన అవమానం నాకే తెలియదు, ఆమె మోసింది, మోస్తూనే వాడలో ప్రతి పిల్లకూ తల దువ్వింది, నాకు కూడా. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. అవ్వ నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థించింది.

"ఏసయ్యా, గీ పోరనికి యాది ఉండని. యాదిలున్న ఇసం తియ్యి తండ్రీ. గంతే అడుగుతున్న."

అప్పటిదాకా వెనక తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ప్రకాశం వచ్చి పక్కన మోకరించాడు.

"నాది తప్పేరా. నీ నెత్తి కాల్తుంటె నీ నెత్తి సూడలె, కేసు సూసిన" అన్నాడు.

రాజమణి చదువు నా చేతివల్ల పోయిందని నేను ఒప్పుకున్నాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి! మళ్లీ కుర్చీలో కూర్చున్నాను, అవ్వలు మళ్లీ తిట్టారు, చీకటి పడేదాకా తిట్టించుకున్నాను.

సోమవారం నుంచి హోటల్లో కూర్చున్నాం. గ్లాసులో చాయ్ అడిగాం, కాగితం కప్పులు పెట్టాడు, ముట్టకుండా పుస్తకాలు తెరిచాం. పొద్దున్నే నర్సు డ్యూటీ దిగి ఒక చెల్లె, నాలాగే సెలవు పెట్టి ప్రకాశం, మా హాస్టలు పాత పిల్లలు ఒక్కొక్కరు వచ్చి కూర్చున్నారు. నాలుగో రోజు యజమానికి ఓపిక పోయింది, చల్లారిన కప్పు తీసి నా ముఖాన కొట్టి, "మా నాయిన మీద చెయ్యేసినోడివి నువ్వే గదా! లే, ఇప్పుడు కొట్టు సూద్దాం!" అన్నాడు.

రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను. "ప్రభువా, ఈ చేతులను ఆపడం నావల్ల కాదు, నీవే పట్టుకో" అన్నాను. పక్కన రూతు తన పుస్తకం మీద పడ్డ చాయ్‌ని చున్నీతో అద్ది, నాకు వినబడేలా పాఠం చదవడం మొదలుపెట్టింది. ఆమె ఏం చదివిందో తెలియదు, ఆ గొంతునే ఆసరా చేసుకొని కూర్చున్నాను. లేవలేదు! దేవునికే మహిమ!

అప్పుడు ఒక చెరకు లారీ డ్రైవరు, మాకు ఏ సంబంధమూ లేని మనిషి, తన గాజు గ్లాసు బల్ల మీద పెట్టి, "సేటూ, నాగ్గూడ కాగితం కప్పులనే పొయ్యి" అన్నాడు. పక్కవాడు, "నాగ్గూడ" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అడిగారు. యజమాని కాగితం కప్పుల కట్ట వైపు చూశాడు, మా వైపు చూశాడు, నా ముఖం మాత్రం చూడలేదు. చివరికి మా బల్ల మీద గాజు గ్లాసులు పెట్టి వెళ్లాడు. నేను చెయ్యి లేపి ఉంటే ఆ డ్రైవరు ఎవరి వైపు నిలబడేవాడో నాకు తెలుసు, ఒకసారి చూసినవాణ్ణి గదా. హోటలు యజమాని ఇంకా నాకు క్షమాపణ చెప్పలేదు, అది కూడా రాస్తున్నాను. ఈ కప్పుల సంగతి మీద కలెక్టరు గారికి దరఖాస్తు కూడా పెట్టాను, వెనక్కి తీసుకోను. కానీ అది పగతో రాయలేదు, రాసి హాయిగా పడుకున్నాను!

ఆదివారం ఆరాధన అయ్యాక శాంతమ్మ అవ్వను తీసుకెళ్లాం. ఎనభై ఏళ్లకు మొదటిసారి ఆ బల్ల మీద కూర్చొని, గ్లాసు రెండు చేతులతో పట్టుకొని, ఊది ఊది ఒక్క గుటక తాగి నా వైపు చూసింది.

"గీ నీళ్ల చాయ్ కోసమారా గింత కొట్లాట?"

మేమంతా నవ్వాం, నాకు మాత్రం కళ్లలో నీళ్లు ఆగలేదు. అవ్వ చివరి చుక్కదాకా తాగి, గ్లాసు కడగడానికి అలవాటుగా లేవబోయింది. రూతు ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

నాలాగా ఎవరి మాటనో ఏళ్లుగా మింగలేక, కక్కలేక ఉన్న నా సహోదరుడా, సహోదరీ, నీకు జరిగింది అబద్ధమని దేవుడు ఎన్నడూ అనడు. ఆయన ముందు కూర్చో, అంతా చెప్పు, నీ చేతులు ఆయనకివ్వు. నా మొండి చేతులనే పట్టుకున్నవాడు నీవి విడిచిపెట్టడు!