రేడియోకి తడిగుడ్డ

మొన్న ఫోన్లో ఆడియో నాటకం వింటుంటే అందులో ఒకామె దగ్గింది. వెంటనే నా ముక్కుకి మిరపకాయల ఘాటు తగిలింది.

ఎనభైల్లో మా ఊళ్లో ఆదివారం మధ్యాహ్నం రేడియో నాటకమంటే ఎవరూ కదిలేవాళ్లు కాదు. మిరప కల్లంలో బుట్ట బోర్లించి దానిమీద రేడియో పెట్టి, మా నాయనమ్మా కూలీ ఆడవాళ్లూ తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ వినేవాళ్లు. ఘాటు తగలకుండా అందరి ముక్కులకీ తడిగుడ్డలు. ఆరోజు నాటకంలో జబ్బుపడ్డ తల్లి ఆగకుండా దగ్గుతోంది. ఐదేళ్లదాన్ని, మా కల్లం ఘాటే రేడియోలోకి పోయి ఆమెని దగ్గిస్తోందనుకున్నాను. నాయనమ్మ మంచినీళ్లు తాగుతూ విప్పిపెట్టిన గుడ్డ తీసి, మళ్లీ తడిపి, రేడియోకి గట్టిగా చుట్టేశాను. అది గరగరమని ఆగిపోయింది.

"ఏందే ఇది! రేడియోకి తడిగుడ్డేందే?" అని అరిచింది నాయనమ్మ.

"పాపం, ఆమెకి దగ్గొస్తంది నాయనమ్మా."

కల్లమంతా పగలబడి నవ్వింది. నాయనమ్మా నవ్వబోయి దగ్గింది. చాలాసేపు దగ్గి, "ఇంతకీ ఆ తల్లి బతికిద్దో లేదో" అనుకుంటూ మళ్లీ కాయల ముందు కూర్చుంది.

నాయనమ్మ గుడ్డ ఇంకా రేడియోకే ఉంది. విప్పి ఆమెకివ్వాలని నాకు తోచనేలేదు.

మొన్నటి నాటకంలో దగ్గు ఎప్పుడో ఆగిపోయింది. నా చెయ్యి మాత్రం నాయనమ్మకి తడిపి ఇవ్వడానికి తువ్వాలు కోసం వెతుకుతూనే ఉంది.