కాకి వచ్చేదాకా

కొన్నేళ్ల కిందట ఆఫీసు పని మీద నన్ను కొన్ని వారాలు ఇటలీలోని ఒక చిన్న ఊరికి పంపారు. నా భార్య కూడా వచ్చింది. ఆ ఊళ్లో మధ్యాహ్నం దుకాణాలు మూసేసేవారు. ఆదివారం ఏమీ దొరికేది కాదు. పొద్దున రొట్టెల దుకాణంలో ఒక ముసలామె రొట్టె తీసుకున్నాక కూడా కదలకుండా తన మోకాలి గురించి చెప్పేది. మాకు భాష రాదు గానీ, ఆమె మోకాలు చూపించేది కాబట్టి అర్థమైంది. దుకాణదారు వినేవాడు. వెనక నిలబడ్డవాళ్లు ఎవరూ విసుక్కునేవారు కాదు.

"ఈళ్లకు పనుల్లేవా?" అంది మా ఆవిడ మొదటి రోజు. వారం తిరిగేసరికి ఆమె కూడా తన మోకాలి సంగతి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. దుకాణదారు అదీ విన్నాడు.

అశోక్‌నగర్ తిరిగి వచ్చాక ఆ ఊరి గురించి అందరికీ చెప్పేవాణ్ని. అక్కడ మనిషికి మనిషి టైమిస్తాడని, మనం ఊరికే పరుగెడుతున్నామని. మా ఇల్లు కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ మధ్య ఉంది. ఇక్కడ పిల్లలు ఒక చేత్తో కరెంట్ అఫైర్స్ పట్టుకుని, నిలబడే ఇడ్లీ తింటారు. నా ఉపన్యాసానికి అనువైన చోటు. మా ఆవిడ వచ్చినవాళ్లకు చాయ్ ఇస్తూ, "అక్కడ గూడ గడియారం చూసుకున్నది ఈయనొక్కడే" అనేది.

మొన్న చలికాలంలో ఆమె పోయింది. ఆస్పత్రి నుంచి శ్మశానం దాకా అన్నీ తొందరగా అయిపోయాయి. నాకు కష్టం కలగకూడదనే అందరూ ఆ తొందర పడ్డారు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆరుబయట విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు తినకూడదు, వెళ్లిపోకూడదు. మా డాబా మీద పిట్టగోడ పక్కన పెట్టాం. బగారన్నం, మటన్, చక్కెర ఎక్కువ వేసిన చాయ్. కాకి రాలేదు. చిక్కడపల్లి చుట్టుపక్కల కాకులు తగ్గి చాలా కాలమైంది. పావురాలు వచ్చాయి.

నా బామ్మర్దికి నారాయణగూడలో చీరెల దుకాణం ఉంది. షట్టర్ ఎత్తే వేళ దాటిపోయింది.

"బావా, పావురం ముట్టినా చెల్తది. సిటీల ఇప్పుడు అందరు గట్లనే చేస్తున్నరు."

"చెల్లదు," అన్నాను.

"నువ్వు ఇసొంటియి నమ్మవు గద."

"నమ్మను."

లేచి పావురాలను తోలాను. నిజంగానే నమ్మను. కానీ కాకి ముట్టగానే అందరూ తింటారు, చేతులు కడుక్కుంటారు, చెప్పులు వేసుకుంటారు. ఆ తర్వాత కింద ఇంట్లో నేనొక్కణ్నే ఉండాలి.

ఇటలీలో చూసిన నిదానం అక్కడి మనుషుల స్వభావమని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది కట్టుబాటు కూడా అయి ఉంటుంది. మధ్యాహ్నం మూయాలి కాబట్టి మూసేవారు, మూశాక చేసేదేమీ లేక మాట్లాడుకునేవారు. మాకు అలాంటి కట్టుబాటు ఒక్కటే మిగిలింది. అది కాకి చేతిలో ఉంది.

ఎండ పెరిగింది. బామ్మర్ది దుకాణానికి ఫోన్ చేసి, "ఇయ్యాల నేను వస్తలేను, మీరే చూసుకోండ్రి" అన్నాడు. అందరం విస్తరిని వదిలి వాటర్ ట్యాంక్ నీడలోకి చాప జరుపుకున్నాం.

"వదిన పెండ్లిళ్లల్ల మొదటి బంతిలనే కూసునేది. ఇయ్యాలేంది ఇంత లేటు," అంది మా చెల్లెలు.

"చీరెకు మ్యాచింగ్ దొరకలేదేమో," అన్నాడు బామ్మర్ది. "మా దుకాణంకొస్తే గంతే గద. ర్యాకులన్నీ దింపిచ్చేది. ఆఖరికి మొదలు చూసిందే తీసుకునేది. ఒకసారైతే ఏం చేసిందో ఎరుకనా..."

నాకు ఎరుక లేదు. ఆ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. అందరూ అతని వైపు తిరిగారు.

అప్పుడే కాకి పిట్టగోడ మీద వాలింది. విస్తరి దగ్గరికి దిగి, మటన్ ముక్క ఒకటి తీసుకుని ఎగిరిపోయింది. నేనొక్కణ్నే చూశాను.

"తర్వాత?" అని బామ్మర్దిని అడిగాను.