చెల్లోకి ఒంటికాలు

డ్రెస్డెన్‌లోని ఒక నాటకశాల వాద్యబృందంలో ట్రౌగోట్ హెనిష్ ముప్పై ఏళ్లుగా చెల్లో వాయిస్తున్నాడు. వయొలిన్‌కి పెద్దన్నలాంటి ఆ భారీ వాద్యాన్ని నేలకు తగలనివ్వకుండా పిక్కల మధ్య బిగించి పట్టేవాడు. చెల్లో అడుగున ఆసరాగా కొయ్యకాలు పెట్టుకునేవాళ్లంటే మహా చులకన. "చేతకానివాళ్ల వేషాలు!" అని శిష్యుల ముందు ఎన్నిసార్లు వెక్కిరించాడో!

యాభై ఎనిమిదో ఏట ఆ పిక్కలే మొండికేశాయి. పావుగంట వాయిస్తే చాలు, గడగడ వణుకు. సరిగ్గా అప్పుడే, తాను ఆరేళ్లు కూర్చుని రాసుకున్న పెద్ద సంగీత రచన కచేరీకెక్కే రోజు దగ్గరపడింది. చెల్లో ముందుండాలి, బృందమంతా వెనక నడవాలి.

"అరగంట వాయించాలి కదా! కష్టమైతే చెప్పండి, లైప్జిగ్ నుంచి రైల్లో ఇంకొకర్ని రప్పిద్దాం," అన్నాడు బృంద నాయకుడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే ట్రౌగోట్‌కి ఒళ్లు మండింది. తన బిడ్డను పరాయివాడు ఎత్తుకుని ఊరేగడమా!

ఇంటికొచ్చి కాఫీ కూడా ముట్టలేదు. భార్య ఓటీలీ ఊరుకుంటుందా? సంగతంతా రాబట్టి, కుర్చీలు చేసే తన తమ్ముడు బెనోతో ఒక కొయ్యకాలు చేయించి, వాణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

"అందరూ నాలుగేసి కాళ్లు అడుగుతారు బావా, ఒంటికాలు అడిగింది నువ్వే," అని ఇకిలించాడు బెనో.

"నేనడగలేదురా! నా పరువు ఎల్బే నదిలో కలపాలని అక్కాతమ్ముళ్లు కంకణం కట్టుకున్నారు!"

"పరువు సంగతి తర్వాత. కచేరీలో చెల్లో జారిపడితే ఏం చేస్తావు?" అంది ఓటీలీ. "ఒక్కసారి వాయించి చూడవయ్యా. నచ్చకపోతే పొయ్యిలో పెట్టేస్తా."

బెనో చెల్లో అడుగున కొయ్యకాలు బిగించాక, ట్రౌగోట్ మూతి ముడుచుకునే కూర్చున్నాడు. మంద్రస్వరం ఒకటి లాగి, ఠక్కున ఆపేశాడు. అలమరలో కప్పులు గలగలలాడుతున్నాయి. తంత్రులు చూసుకున్నాడు, పాతవే. కమాను కూడా పాతదే. మారిందల్లా ఒక్కటే: ఇప్పుడు ఆయన కాళ్లు చెల్లోను నొక్కిపట్టడం లేదు.

"ముప్పై ఏళ్లుగా దీని గొంతు నేనే నొక్కానటే, ఓటీలీ!" ఆయన కళ్లు చెమర్చాయి.

"పోనీలే, ఇప్పటికైనా వదిలావు," అంది ఆవిడ.

కచేరీ రోజున కొయ్యకాలు చూసి ముందు వరుసలో పాత శిష్యులు మోచేతులతో పొడుచుకున్నారు. ట్రౌగోట్ వాళ్లవైపు తిరిగి, "చూడండర్రా, బాగా చూడండి! నేను మీకు తప్పు చెప్పాను," అన్నాడు.

అరగంటా కాళ్లు వణకలేదు. ఆఖరి స్వరం సన్నగిల్లి పూర్తిగా ఆగేదాకా బృంద నాయకుడు తాళం చూపే కర్ర దించలేదు. లైప్జిగ్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.