మా ఇంటి డ్రైవరమ్మ

మా తోటికోడలు అనంతగిరి ఘాట్ రోడ్డు మీద మొదటిసారి జీపు తోలిన రోజున ఊరంతా రోడ్డు పక్కకొచ్చి చూసింది. నేను మాత్రం పెరట్లో కాఫీ గింజలు ఆరబోసుకుంటూ ఉండిపోయాను. చూడబుద్ధి కాలేదు.

ఆ జీపు మా మరిదిది. సంతలకు తిప్పేవాడు. పనస చెట్టు మీంచి పడి కాలు విరగడంతో బండి వాకిట్లో మూలపడింది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె నేర్చుకుంది. లైసెన్సూ తెచ్చుకుంది. మా ఊరి కోడళ్ళలో ముందు పది పాసైంది నేను. అంగన్‌వాడీ నడిపేదీ నేనే. ఆసుపత్రికి తోడు కావాలన్నా, ఆఫీసులో మాట్లాడాలన్నా అందరూ నా దగ్గరికే వచ్చేవారు. ఇప్పుడు నా గుమ్మం దాటి ఆమె గుమ్మానికి వెళ్తున్నారు. మా అత్తయితే కనబడినవాళ్ళందరికీ, "మా సిన్నకోడలు బండి తోల్తాది" అని చెప్పుకునేది. పెద్దకోడలి ఊసే లేదు.

మహిళా దినోత్సవానికి పాడేరులో సభ పెట్టి ఆమెకు శాలువా కప్పారు. పక్కవాళ్ళు చూస్తారని నేనూ చప్పట్లు కొట్టాను.

ఇంటికొచ్చేసరికి నా మొగుడు ఆ ఫొటో ఫోన్‌లో స్టేటస్ పెట్టుకున్నాడు. కింద 'మా ఇంటి డ్రైవరమ్మ' అని రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళైన కొత్తలో స్కూటీ నేర్చుకుంటానంటే, "ఘాట్లో ఆడోల్లకి బండేటి? పడి సత్తావు" అన్నది ఈ మనిషే.

"నన్నొద్దన్నావు. ఇప్పుడా గుంట ఫొటో ఎట్టుకుని మురిసిపోతన్నావు. ఏటిది?" అన్నాను.

"అది యేరే సంగతి. ఆడికి కాలిరిగింది, తప్పలేదు."

"అయితే నీ కాలిరిగితేగానీ నాకు బండి రాదా?"

అతను ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి సంత రోజున జీపుల స్టాండులో ఆమె బండే వరసలో ముందుంది. వెనకున్న డ్రైవరు తన జీపు తెచ్చి దానికి అడ్డంగా పెట్టాడు.

"నా వరస నాకియ్యన్నా" అంది ఆమె.

అతను ఆమె వైపు చూడనైనా లేదు. బుట్టలతో నిలబడ్డ మా అందరితో, "ఆడదాని బండెక్కి లోయలోకి పోతారేటి? ఇటెక్కండి" అన్నాడు.

ఆమె మొహం మాడిపోవడం చూసి, దాచడమెందుకు, ముందు నాకు హాయిగానే అనిపించింది. కానీ అతనన్న మాట మా ఇంట్లో నేను విన్నదే. అది నాకూ తగిలింది. వెళ్ళి ఆమె జీపు ముందు సీట్లో కూర్చున్నాను.

"సూత్తారేటే? బేగి ఎక్కండి!" అని అరిచాను.

అంగన్‌వాడీకి పిల్లల్ని పంపే తల్లులే అందరూ. ఒకరి వెనక ఒకరు ఎక్కేశారు. ఆ డ్రైవరు గొణుక్కుంటూ బండి పక్కకు తీశాడు.

"నువ్వెక్కుతావనుకోలేదక్కా" అంది, మొదటి మలుపు దాటాక.

"నేనూ అనుకోలేదు. ముందుకు సూసి తోలు."

ప్రతి మలుపులోనూ ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను. ఎంత తేలిగ్గా తిప్పుతోంది! చివరికి ఉండబట్టలేక, "నాకూ నేర్పుతావా?" అన్నాను.

"బావొప్పుకుంటాడా?"

"నువ్వు బావనడిగి నేర్సుకున్నావా?"

పకపకా నవ్వింది.

ఇప్పుడు కోత అయిపోయిన రాజ్మా చేలో నేర్పుతోంది. ఇంజను ఆగిపోయినప్పుడల్లా నవ్వుతుంది, నాకు ఉడుకుమోత్తనం వస్తుంది. స్టాండులో కొందరు ఇప్పటికీ ఆమె వరస కొట్టేయాలని చూస్తారు. వాళ్ళతో తగువుకు ముందు వెళ్ళేది నేనే. తగువు తీరి ఆమె బండి కదిలిపోతుంటే మళ్ళీ కుళ్ళుకునేదీ నేనే.