మూడు రోజులేనండి

మగ్గం ఆపాను. చప్పుడు మాత్రం ఆగలేదు.

నాకు గుర్తున్నంతలో ఏదో తేడాగా ఉందనిపించిన మొదటి రోజు అదే. ఆషాఢం, మధ్యాహ్నం మూడు దాటింది, పొద్దున్నుంచీ ముసురు. మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి తీసి గట్టు మీద కూర్చున్నాను. ఎవరో ఇంకా నేస్తున్నట్టు టక్కు టక్కుమని వినపడుతూనే ఉంది. నేత ఊరు కదా, పక్కింటి మగ్గం అనుకున్నాను. మా ఆయనతో అంటే ఆయన నవ్వారు. "వాళ్ళ గుంటలో నీళ్ళూరి నాలుగు రోజులైంది. మగ్గమే ఆపేస్తే ఇంకెవరు నేస్తారే?"

చెవి మీద చెయ్యి పెట్టుకున్నాను. చప్పుడు ఇంకా దగ్గరికొచ్చింది. అది నా లోపలే ఉంది.

నిజం చెప్పొద్దూ, నాకేం భయం వెయ్యలేదు. పైగా బావుందనిపించింది. ఆ రోజుల్లో అన్నీ అలాగే ఉండేవి. కాలవ గట్టు మీద నడుస్తుంటే అడుగు వేసిన చోట నేల రవ్వంత కిందికి దిగినట్టుండేది. ఎండ కాస్త పచ్చగా, మనుషుల మాటలు కాస్త దూరంగా. పిల్లలు "అమ్మా" అని పిలిస్తే ఆ పిలుపు నా దగ్గరికి నెమ్మదిగా ఈదుకుంటూ వచ్చేది. నేను ఎటో తేలిపోతున్నాను, ఆ తేలడం హాయిగానే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

నా పేరు పద్మ. ముప్పై నాలుగేళ్ళు. చల్లపల్లికి ఆటోలో పావుగంట దూరంలో మా ఊరు. ఇంట్లో మా ఆయన, అత్తయ్య, ఇద్దరు ఆడపిల్లలు, రెండు మగ్గాలు. ఏడాదిన్నర పాటు నాలోంచి రక్తం పోతూనే ఉంది. ఎన్ని రోజులు పోతోందని అడిగిన ప్రతి డాక్టరుకీ నేను తప్పే చెప్పాను. చెప్పేది తప్పని నాకు తెలియనే తెలియదు. ఆ తప్పు నా ప్రాణం మీదికి తెచ్చింది కాబట్టే ఇది రాస్తున్నాను.

చప్పుడు తర్వాత ఆయాసం మొదలైంది. బిందె ఎత్తితే గుండె గొంతులోకొచ్చి కూర్చునేది. ఆ తర్వాత బియ్యం. వండిన అన్నం సయించేది కాదు, పచ్చి బియ్యం మాత్రం గుప్పెళ్ళకి గుప్పెళ్ళు నమిలేదాన్ని. కొంగున ముడేసుకుని మగ్గం దగ్గర కూడా తినేదాన్ని. అత్తయ్య చూసి, "పెళ్ళయిపోయింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నీ పెళ్ళికి వాన కాదు, వరదే వచ్చేది" అనేది. బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని మా వైపు అంటారు లెండి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

చల్లపల్లిలో డాక్టరుగారికి చూపించుకున్నాను. మంచాయనే. కనురెప్ప కిందికి లాగి చూసి, "పాలిపోయావమ్మా. పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా? ఎన్ని రోజులు అవుతుంది?" అని అడిగారు.

"నెలనెలా వస్తుందండి. మూడు రోజులేనండి."

ఆయన రాసుకున్నారు. ఐరన్ టాబ్లెట్లు ఇచ్చారు. అవి వేసుకుంటే విరేచనం నల్లగా అయింది. హడలిపోయి మానేశాను. అలా అవడం మామూలేనని ఎవర్నైనా అడిగితే చెప్పేవారు, నేనేమో అడగలేదు. మొండిదాన్ని. ఆర్నెల్ల తర్వాత మచిలీపట్నంలో ఇంకో డాక్టరుగారు కూడా అదే ప్రశ్న వేశారు. నేనూ అదే జవాబిచ్చాను.

మా ఊళ్ళో ఆడవాళ్ళ కోసం ఒక సంస్థ పనిచేస్తుంది. ప్రతి బుధవారం మధ్యాహ్నం, నూలు దాచే పాత షెడ్డులో అందరం చేరతాం. కొందరు కుట్టు నేర్చుకుంటారు, కొందరు సంతకం నేర్చుకుంటారు, కొందరు ఊరికే గోడకి చేరగిలబడి కాసేపు కునుకు తీస్తారు. దానికీ ఎవరూ ఏమనరు. నేను కునుకు తీసే బాపతు. ఆ షెడ్డు చల్లగా, నూలు వాసనతో ఉండేది, అందరి మాటలూ కలిసిపోయి వాన పడుతున్నట్టు వినపడేవి.

ఆ సంస్థలో పనిచేసే భాగ్యం అక్కది సముద్రం ఒడ్డు ఊరు. చేపలమ్మే ఇంట్లో పుట్టింది కాబట్టి గొంతు సంత మొత్తానికీ వినపడుతుంది. ఒక బుధవారం ఆ గొంతు నా నెత్తి మీదే వినిపించింది.

"ఏంటమ్మా నువ్వు నమిలేది?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే కరకరమంటదా? కొంగు విప్పు."

విప్పాను. అందరూ గొల్లుమన్నారు. అక్క మాత్రం నవ్వలేదు. నా గోళ్ళు చూసింది, నాలుక చాపమని చూసింది. తర్వాత మామూలుగా అడిగింది, "నెలకి ఎన్ని రోజులే నీకు?"

"మూడేనక్కా."

ఆవిడ నూలు చుట్ట అందుకుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ తలా ఒక నూలు పోగు తెంపి ఇచ్చింది. రాత రానివాళ్ళు సగం మంది, క్యాలెండర్లో గుర్తు పెడదామంటే అది ఇంట్లో అందరి కళ్ళ ముందూ ఉంటుంది, అందుకని ఆవిడ పద్ధతి అది. మొదటి మరక కనపడిన రోజు ఒక ముడి వెయ్యాలి. తర్వాత రోజుకొక ముడి. మరక అసలు కనపడని రోజు ఆపాలి. "పోగు తెగితే అతుక్కోవడం మీకు నేను చెప్పాలా?" అంది.

మరుసటి నెల నా పోగు తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. వేలితో తడుముతూ లెక్కపెట్టింది. పన్నెండు ముళ్ళు.

"మూడన్నావుగా?"

"మూడేగా అక్కా! నాలుగో రోజు తలకి పోసుకుంటాను కదా!"

మీకు అర్థమైంది కదా? మా ఇళ్ళల్లో మూడు రోజులు దూరంగా కూర్చుంటాం, మగ్గం ముట్టుకోం. నాలుగో రోజు తలస్నానం చేసి గుంటలోకి దిగుతాం. అక్కడితో ఆ నెల అయిపోయినట్టే లెక్క. ఆ తర్వాత అయ్యేదానికి పేరే లేదు. పేరు లేనిదాన్ని డాక్టరుకి ఏమని చెప్తాం? తొమ్మిది రోజుల పాటు గుడ్డలు మార్చుకుంటూ, నేస్తూ, వండుతూ, నాకు మూడు రోజులే అనుకుంటూ బతికాను. నా పక్కన కూర్చున్న ఇద్దరు తమ పోగులు కొంగులో దాచుకోవడం నేను చూశాను.

అక్కడే వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూశారు. నాలుగు పాయింట్ ఆరు. భాగ్యం అక్క మిషను చూసి, నన్ను చూసి, "ఇక్కడికి నడిచొచ్చావా?" అంది. "ఇంక నడవకు. కూర్చో" అంది. ఆ గొంతు అంత మెల్లగా రావడం నేను ఎప్పుడూ వినలేదు. అప్పుడేసింది భయం.

ఆ సాయంత్రమే విజయవాడ. నేనూ, మా ఆయనా, అక్కా. కారు అద్దానికి తల ఆనించి పడుకున్నాను. పొలాలు, కాలవలు, మళ్ళీ పొలాలు. నీళ్ళలో ఆకాశం కనపడుతుంటే నేను ఏది పైనో ఏది కిందో తెలియకుండా పోతున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర కారు ఆగినప్పుడు హారన్లన్నీ కలిసి సన్నాయి మేళంలా వినిపించాయి. "ఎవరిదో పెళ్ళి" అన్నానట. మా ఆయన ఏడ్చారట. నాకు గుర్తు లేదు.

రక్తం ఎక్కించాలన్నారు. మర్నాడు పొద్దున్నే ఊళ్ళోంచి మా బుధవారం ఆడవాళ్ళు ముగ్గురు రక్తం ఇస్తామని బస్సెక్కి వచ్చారు. ముగ్గురిలో ఇద్దరిని టెస్ట్ చేసి, "అమ్మా, మీకే రక్తం లేదు, మీరేం ఇస్తారు?" అని వెనక్కి పంపేశారు. పోగులు దాచుకున్న ఆ ఇద్దరే వాళ్ళు.

మూడు సీసాలు ఎక్కింది. మొదటి సీసాకి వణుకు పుట్టి మంచం కూడా ఊగింది. ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, పరీక్ష చేసి, వేరే సీసా పెట్టారు. ఆ తర్వాత అంతా మెత్తగా అయిపోయింది. ఎర్ర దారం ఒకటి పైనుంచి నాలోకి దిగుతూ ఉంటే, లోపల ఎవరో దాన్ని కండెకి చుట్టుకుంటున్నట్టు అనిపించేది. స్కానింగ్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ ఉందని తేలింది. రక్తమంతా తాగేస్తున్నది అదేనట.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు మా ఆయనతో అన్నారు, "పిల్లలు ఇద్దరున్నారుగా. గర్భసంచి తీసేద్దాం, ఒకేసారి పీడ వదులుతుంది. ఇక్కడ సైన్ చెయ్యండి."

పెన్ను నా మీదుగా మా ఆయన చేతిలోకి వెళ్ళింది. నేను చూస్తూ ఉన్నాను. ఎవరిదో కథ చూస్తున్నట్టే ఉంది.

భాగ్యం అక్క అంది, "డాక్టరుగారూ, ఒక్క మాటండీ. ఈవిడ నిద్రపోవట్లేదండి. మేలుకునే ఉంది."

డాక్టరుగారు నా వైపు తిరిగారు. నాకు కోపం వచ్చింది. ఏడాదిన్నరలో అదే మొదటిసారి. రక్తం ఉంటే గానీ కోపం కూడా రాదు కాబోలు. "తీసేస్తే తప్ప నేను బతకనా అండి?" అని అడిగాను.

"అలా అని కాదమ్మా. గడ్డ ఒక్కటే తీసే పద్ధతి ఉంది. హిస్టెరోస్కోపీ. ఆ మిషను మా దగ్గర లేదు."

మా ఆయన పెన్ను మూత పెట్టేశారు. "నీ ఇష్టం పద్మా" అన్నారు. పదిహేనేళ్ళ కాపురంలో నా ఒంటి గురించి ఆయన ఆ మాట అనడం అదే మొదలు. నేను అడగడమూ అదే మొదలు అనుకోండి.

సంస్థ వాళ్ళకి తెలిసిన ఇంకో ఆస్పత్రిలో లేడీ డాక్టరుగారు రిపోర్టులన్నీ చూశారు. "గడ్డ లోపలి వైపుకే ఉంది. కింది నుంచే తీయొచ్చు, కోత ఉండదు. కానీ ఒక్క సిట్టింగ్‌లో మొత్తం రాకపోవచ్చు. మళ్ళీ పెరగనూ వచ్చు. గర్భసంచి తీసేస్తే ఆ బెంగ ఉండదు. రెండూ చెప్పాను. ఇప్పుడు మీరు చెప్పండి." గర్భసంచి తీయించుకున్నవాళ్ళు మా వీధిలోనే అరడజను మంది ఉన్నారు, వాళ్ళల్లో సుఖపడ్డవాళ్ళూ ఉన్నారు. నాకెందుకో ఉంచుకోవాలనిపించింది. అదే చెప్పాను, సంతకం పెట్టాను.

అన్నీ అనుకున్నట్టు జరిగితే ఇంకేం. మొదటిసారి ముప్పాతిక వంతే వచ్చింది. మరుసటి నెల మళ్ళీ తొమ్మిది ముళ్ళు పడ్డాయి. నేనేం చేశానో తెలుసా? పోగు తెంపి పొయ్యిలో వేసి, డాక్టరుగారికి ఫోన్‌లో "తగ్గిందండి, మూడు రోజులేనండి" అని చెప్పాను. ఈసారి మాత్రం తెలిసే అబద్ధమాడాను. పట్టుబట్టి గర్భసంచి ఉంచుకున్నది నేనే కదా, ఇప్పుడు తగ్గలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? బుధవారం భాగ్యం అక్క "ఏదీ నీ పోగు?" అంటే నీళ్ళు నమిలాను. "నీ రక్తం, నీ గర్భసంచి, నీ ఇష్టం, సరే. అబద్ధం ఎవరికి చెప్తున్నావే?" అంది. షెడ్డులో అందరి ముందూ బావురుమన్నాను. రెండో సిట్టింగ్‌లో మిగతా గడ్డ వచ్చేసింది.

ఇప్పుడు నా హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. చెవిలో చప్పుడు ఏ రోజు ఆగిందో నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం మగ్గం ఆపితే ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, కాలవలో బాతులు అరవడం వినపడింది. కాసేపు అలాగే కూర్చున్నాను. ఆరు నెలలకోసారి స్కానింగ్‌కి వెళ్తున్నాను. పోగులు దాచుకున్న ఆ ఇద్దరికీ వైద్యం జరుగుతోంది.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ అసలు సంగతి ఆ తర్వాత జరిగింది.

మొన్న వేసవిలో ఒక మంగళవారం అత్తయ్య కండెలు చుడుతూ, తల ఎత్తకుండా, "అమ్మాయ్, రేపు నన్ను కూడా ఆ షెడ్డుకి తీసుకెళ్తావా?" అంది. ఆవిడకి అరవై రెండు. ముట్లుడిగి పదేళ్ళ పైనే అయింది.

"మీకెందుకత్తయ్యా అక్కడ?"

రాట్నం ఆగింది. "మళ్ళీ మొదలైందే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు విజయవాడ వెళ్ళక ముందు నుంచే. అప్పుడో చుక్క, అప్పుడో చుక్క. నీ ప్రాణం మీదికొచ్చి ఉంటే మధ్యలో నా గోలెందుకులే అనుకున్నా. ఈ వయసులో ఇదేంటని నవ్వుతారని సిగ్గు కూడా."

ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో తిరిగాం. ఒకే దండెం మీద బట్టలు ఆరేసుకున్నాం. నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. షెడ్డుకి వెళ్ళేదాకా ఆగలేదు. మర్నాడు తెల్లవారకముందే మా ఆయనతో కలిసి విజయవాడ బస్సెక్కాం. బయాప్సీ చేశారు. క్యాన్సరే. "ఇంకా బయటికి పాకలేదు. ఇంకో ఏడాది ఆగి ఉంటే నేనిలా మాట్లాడగలిగేదాన్ని కాదు" అన్నారు లేడీ డాక్టరుగారు. ఆవిడకి మాత్రం గర్భసంచి తీసి తీరాలన్నారు. కాయితం మా ఆయన వైపు వెళ్ళబోతుంటే అత్తయ్యే చెయ్యి చాపింది. వేలిముద్ర వేస్తానంది. ఆవిడ కంగారులో ఎడమ చేతికి బదులు కుడి చెయ్యి పెడితే నర్సు నవ్వింది, మేమూ నవ్వాం. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు వరండాలో ఉంది, మా చిన్నదానికి జడ వేస్తోంది.

నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ముట్లుడిగిన పెద్దావిడ ఉంటే, అమ్మ గానీ అత్త గానీ, మగవాళ్ళెవరూ లేనప్పుడు పక్కన కూర్చుని అడగండి, మళ్ళీ ఎప్పుడైనా మరక కనపడిందా అని. ఒక్క చుక్క అన్నా వెంటనే తీసుకెళ్ళండి. మొదటిసారి అడిగితే "ఏం లేదు పోవే" అంటుంది. రెండోసారి కూడా అడగండి.