నూనెలో నీడ

ప్రమాదం ఉందని నాకు మొదట తెలిసింది రక్తం చూసినప్పుడు కాదు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఒక పెద్దమనిషి, పలక పట్టుకుని బడికి బయలుదేరిన నా కూతుర్ని "ఏం సుశీలమ్మా, బడికి పోతాండావా?" అని పేరు పెట్టి పలకరించినప్పుడు. ఆయన్ను నేను అంతకు గంట ముందే మొదటిసారి చూశాను. ఆ గంటలోనే ఎవరినో అడిగి నా బిడ్డ పేరు తెలుసుకున్నాడు.

అది 1958 చలికాలం. ఆళ్లగడ్డ ప్రభుత్వాసుపత్రిలో నేను ఉమన్ అసిస్టెంట్ సర్జన్‌ని. హోదాలో సర్జన్ అన్న మాట ఉన్నా, నా పని కాన్పులు, పిల్లల జబ్బులు, ఆడవాళ్ల వార్డు. మగవాళ్ల వార్డూ, పోలీసు కేసులూ అసిస్టెంట్ సర్జన్ గారివి. ఆయన సెలవు పెట్టినప్పుడు అవి కూడా నా మీద పడేవి. మా ఆయన నంద్యాల రైల్వే స్టేషన్లో గూడ్సు క్లర్కు. ఆదివారం బస్సులో వచ్చి, సోమవారం తెల్లవారకముందే వెళ్లిపోయేవారు. పిల్లలిద్దరూ నా దగ్గరే, ఆసుపత్రి ఆవరణలోని క్వార్టర్సులో ఉండేవాళ్లు. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. నంద్యాలలో, పిల్లలు నిద్రపోయాక, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని ఇది రాస్తున్నాను.

ఆ రోజు అసిస్టెంట్ సర్జన్ గారు సెలవులో ఉన్నారు. పొద్దు పొడిచే వేళకు ఎద్దుల బండిలో ఒక మనిషిని తెచ్చారు. పేరు ఓబులేసు, ముప్పై లోపు వయసు, చాగలమర్రి దారిలో ఒక పల్లె. ఇంకా చీకటి ఉండగానే పొలానికి నీళ్లు కట్టుకోవడానికి పోతే కాలవ గట్టు మీద ఈటెతో పొడిచారు. పోటు కడుపులో దిగింది. బండి వెంట వచ్చిన పెద్దమనిషి అతని చిన్నాయన పుల్లన్న. తలుపు దగ్గర నిలబడి నన్ను ఎగాదిగా చూసి, "ఆడమనిషి ఏసిన కుట్లు నిలుస్తాయా?" అన్నాడు. మా కాంపౌండరు ఊరుకోలేదు. "నీ బొడ్డు కోసింది మగోడా పెద్దయ్యా?" అని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

పైన కుట్లు వేయగలను. లోపల పేగు తెగింది. దానికి కర్నూలు పెద్దాసుపత్రి కావాలి, అక్కడి ఆపరేషన్ బల్ల మీద కూడా బతుకుతాడన్న నమ్మకం తక్కువే. నాడి అప్పటికే దారంలా ఉంది. అయినా పంపి చూద్దామన్నాను. ఊళ్లో అందుబాటులో ఉన్నది పోలీసు జీపు ఒక్కటే. సబ్ మేజిస్ట్రేటు గారు అహోబిలంలో క్యాంపులో ఉన్నారు. జీపు రోగిని కర్నూలుకు మోయాలా, మేజిస్ట్రేటును ఇక్కడికి తేవాలా అన్నది ప్రశ్న. పుల్లన్న తేల్చేశాడు.

"కర్నూలు దావలో పానం పోతే పేర్లు యాడ చెప్తాడమ్మా? దొరను పిలిపీండి."

హెడ్డు కానిస్టేబుల్ కూడా అదే సబబన్నాడు. జీపు అహోబిలం వైపు వెళ్లింది.

మరణ వాంగ్మూలం సంగతి ఇక్కడ చెప్పాలి. చావుబతుకుల్లో ఉన్న మనిషి తనకు హాని చేసింది ఎవరో చెబితే, ప్రమాణం లేకుండానే అది సాక్ష్యంగా చెల్లుతుంది. మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి రాసుకోవాలి. పోలీసులూ బంధువులూ గదిలో ఉండకూడదు. మనిషి స్పృహలో ఉన్నాడనీ, తెలిసి మాట్లాడుతున్నాడనీ డాక్టరు మొదటా చివరా సర్టిఫికెట్ ఇవ్వాలి. చావు ముందు మనిషి అబద్ధమాడడని చట్టం నమ్మకం. ఆ చట్టం రాసినవాళ్లు మా తాలూకాలో పనిచేసి ఉండరు. ఇక్కడ ఒకడు పొడిస్తే నలుగురి పేర్లు చెప్పడం వాడుక. పొడిచినవాడి పేరు తెలిస్తే అది చివరన వస్తుంది. ముందు ఎదుటి వర్గంలో పెద్దలవి. వాళ్లు జైల్లో ఉన్నన్నాళ్లు కాలవ నీళ్లు వీళ్లవి.

ఇంకో సంగతి. నొప్పికి మార్ఫియా ఇస్తే మనిషి మగతలో మాట్లాడాడని అవతలి వకీలు వాదిస్తాడు. అందుకని వాంగ్మూలం అయ్యేదాకా ఆ సూది వేయరు. నేనూ వేయలేదు. అతను పళ్లు కరుచుకుని పడుకున్నాడు.

పైన కుట్లు వేసి గాయానికి కట్టు కడుతున్నప్పుడు అడగకుండానే నాతో అన్నాడు: "ఒక్కడేనమ్మా. సీకట్లో మొగం కనపడల్యా." పుల్లన్న తలుపు దగ్గరే ఉన్నాడు. అతను విన్నాడని నాకు తెలుసు. నేను విన్నానని అతనికీ తెలుసు. ఆ తర్వాతే అతను వరండాలోకి వెళ్లి కూర్చున్నదీ, నా కూతుర్ని పేరు పెట్టి పలకరించినదీ.

ఓబులేసుకు పేర్ల ధ్యాస లేదు. అతనికి కొడుకు పుట్టి నెల దాటింది. ఇంతవరకూ చూడలేదు. బిడ్డ మూలా నక్షత్రంలో పుట్టాడు, తండ్రికి దోషమన్నారు. శాంతి జరిగేదాకా తండ్రి బిడ్డ ముఖం చూడరాదు. శాంతినాడు ముందు గిన్నెలో నూనె పోసి, అందులో పడిన బిడ్డ నీడను చూసి, ఆ తర్వాత బిడ్డను చూస్తారు. అహోబిలంలో శాంతి చేయించాలని అనుకున్నారట. ఈలోగా భార్యాబిడ్డలు చాగలమర్రిలో పుట్టింట్లో ఉన్నారు.

"ముక్కు నాదే అంటాండారమ్మా అందురూ" అని నాతో అన్నాడు. తర్వాత తలుపు వైపు తిరిగి, "చిన్నాయనా, పిల్లోన్ని పిలిపీ" అన్నాడు.

"కబురు పోయిందిలే. దొర వస్తాడు, ముందు నేను చెప్పిన పేర్లు చెప్పు. ఆమైన చూద్దువు."

"చూపిస్తేనే చెప్తా."

"మొండినాకొడుకు. పుట్టినప్పటి నుంచీ ఇంతే" అన్నాడు పుల్లన్న నా వైపు తిరిగి, ముద్దుగా. ఆ ముద్దు అబద్ధం కాదు. అతన్ని పెంచింది ఆ చిన్నాయనేనని తర్వాత విన్నాను.

భార్య నరసమ్మ మొదటి బస్సుకే బిడ్డతో వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. మొగుణ్ణి చూసి ఏడవలేదు. కట్టు వైపు చూసి, "కుట్లేసినారు గదా, లేస్తాడు గదమ్మా?" అని అడిగింది. నేను సూటిగా జవాబు చెప్పకుండా, బిడ్డను లోపలికి తీసుకొచ్చి చూపించమన్నాను. ఆమె బిడ్డ ముఖం మీద కొంగు కప్పి రెండడుగులు వెనక్కి వేసింది.

"శాంతి కాల్యా గదమ్మా. ఇప్పుడు చూస్తే ఆయనకేమన్నా అయితే?"

పేగు తెగి పడుకున్న మనిషికి నెల బిడ్డను చూస్తే ఏమన్నా అవుతుందని ఆమె భయం. నాకు కోపం వచ్చింది. ఆమె అలా భయపడుతున్నదంటే అతను బతుకుతాడని నమ్ముతున్నదన్నమాట. ఆ గదిలో అలా నమ్మింది ఆమె ఒక్కతే. ఆ నమ్మకమే అతనికి అడ్డమైంది.

నేను నచ్చజెప్పేలోగా మేజిస్ట్రేటు గారు వచ్చారు. అందరినీ బయటకు పంపించారు. నరసమ్మ కూడా బిడ్డతో వరండాలోకి పోయింది. నియమం అది. నేను నాడి చూసి, మొదటి సర్టిఫికెట్ రాశాను. ఆయన పద్ధతి ప్రకారం నీ పేరేమిటి, ఇది ఏ చోటు, నేనెవరు అని అడిగారు. ఓబులేసు అన్నిటికీ సరిగా చెప్పాడు. నిన్ను పొడిచింది ఎవరని అడిగితే, "మావోడు వచ్చినాడా దొరా?" అన్నాడు. మేజిస్ట్రేటు గారు కలం ఆపి, అది తర్వాత అన్నారు.

అప్పుడు బయట బిడ్డ ఏడ్చింది. ఓబులేసు తల తలుపు వైపు తిరిగింది. ఇక ఆగలేదు. పలక మీద ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడిలా గబగబా నాలుగు పేర్లు చెప్పాడు, తండ్రుల పేర్లతో సహా. తొందరగా అయిపోవాలని చెప్పాడు. అవి రాసుకుంటే చాలదు. ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ఎక్కడ పొడిచారు, వెలుతురు ఎంత ఉంది అని ఒక్కొక్కరి గురించీ వేరువేరుగా అడగాలి. అంతా రాశాక చదివి వినిపించాలి. ఒప్పుకున్నట్టు వేలిముద్ర తీసుకోవాలి. మేజిస్ట్రేటు గారు నిదానస్తులు, ఏదీ వదలలేదు. నేను చివరి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేసరికి అతని గోళ్లు నీలం తిరిగాయి.

మార్ఫియా సిరంజి తీస్తే వద్దన్నాడు. "నిద్ర వస్తాది. చూసినాక ఏద్దురు."

నరసమ్మ అప్పటికీ నూనె లేనిదే చూపనంది. వాదించడానికి సమయం లేదు. డిస్పెన్సరీలోని ఆముదం ఎనామిల్ ట్రేలో పోశాను. అతను తల ఎత్తలేడు. ట్రేను ఛాతీ మీద పెట్టి రెండు చేతులా పట్టుకున్నాను. నరసమ్మ కాళ్ల వైపు నిలబడి బిడ్డను దాని మీదికి వంచింది. అతని ఊపిరి పొట్టిగా, వేగంగా ఉంది. ప్రతి ఊపిరికీ నూనె కదిలింది. నీడ పడుతోంది, చెదిరిపోతోంది.

"కనపడల్యా" అన్నాడు. "మసగ్గా ఉండాది."

కొంచెంసేపు అలాగే చూశాడు. తర్వాత నూనె కదలడం మానేసింది. బిడ్డ ముఖం, ముక్కుతో సహా, అందులో చక్కగా పడింది. నాకూ నరసమ్మకూ కనిపించింది.

వరండాలో పుల్లన్న నన్ను ఆపి అడిగిన మొదటి మాట ఇది: "నలుగురి పేర్లూ ఎక్కినాయా?"

మరుసటి ఏడు కర్నూలు సెషన్సు కోర్టులో నాకు సాక్ష్యం పడింది. అంతకు ముందు పుల్లన్న ఓపీలో చీటీ రాయించుకుని మరీ నా ముందుకొచ్చి కూర్చున్నాడు. జబ్బేమీ లేదు. "అడిగినదానికి చెప్పండి డాక్టరమ్మా, అడగందెందుకు? మీకూ పిల్లలుండారు" అన్నాడు. బెదిరించినట్టు కాదు, సలహా ఇచ్చినట్టు. కోర్టులో అవతలి వకీలు అడగవలసిందే అడిగాడు: మేజిస్ట్రేటు రాకముందు అతను మీతో ఏమైనా అన్నాడా? అన్నాడని చెప్పాను. ఒక్కడేనన్నాడు, ముఖం కనపడలేదన్నాడు. దాంతో వాంగ్మూలం విలువ పోయింది. కొన్నాళ్లకు నలుగురినీ వదిలేశారు. అసలు పొడిచినవాడి కోసం ఎవరూ వెతకలేదు. అతనికి పేరు లేదు గనక.

నిజం చెప్పినందుకు నాకు గర్వమేమీ లేదు. నా నిజం ఓబులేసుకు పనికిరాలేదు, నరసమ్మకు అసలే పనికిరాలేదు. బిడ్డ తండ్రిని మింగాడని ఆమెను అత్తింటికి రానివ్వలేదని విన్నాను.

ఈ కేసు నాకు నేర్పింది కొంచెమే. మనిషి ఆయుష్షు నీటిబుడగ అని పెద్దలంటారు. బుడగకైనా తన కాలమంతా తనదే. ఆ మనిషికి ఒక పూట మిగిలింది. అందులో వర్గం తన వాటా తీసుకుంది, చట్టం తన వాటా తీసుకుంది, నక్షత్రం తన వాటా తీసుకుంది, డాక్టరుగా నేనూ రెండు సర్టిఫికెట్లకు సరిపడా తీసుకున్నాను. అందరూ తీసుకోగా అతనికి దక్కింది ట్రేలో ఆముదం.

సాక్ష్యం చెప్పిన సాయంత్రం ఆళ్లగడ్డ బస్సు దిగి, రాజీనామా రాసి, సామాను కట్టాను. మర్నాడు పొద్దున నంద్యాల బస్సు ఎక్కేముందు పిల్లలిద్దర్నీ ఎదురుగా నిలబెట్టి చెప్పాను: దారిలో ఎవరు పేరు పెట్టి పిలిచినా పలకొద్దు, తెలిసినవాళ్లయినా సరే.

"నాయన పిలిస్తే?" అంది సుశీల.

"ముందు మొగం చూడు. ఆ తర్వాత పలుకు" అన్నాను.