ఇంటూ గుర్తు

ఇళ్లలో నేలకు పరిచే బండలకు పాలీష్ పెట్టే ఫ్యాక్టరీలో మా నాయన ముప్పై ఏళ్లు పనిచేశాడు. మిషను కింద పెట్టే ముందు ప్రతి బండనూ వేలి కణుపుతో తట్టి చూసేవాడు. లోపల పగులుందని తెలిస్తే సుద్దముక్కతో దాని మీద ఇంటూ గీసేవాడు. ఇంటూ పడిన బండను ఇంక ఎవరూ మిషను కింద పెట్టరు. ఆ రాతి దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది.

కర్నూలు ఆస్పత్రికి నెలనెలా నేనే తీసుకుపోయేదాన్ని. ఒకసారి డాక్టరు నాయనను బరువు చూసుకు రమ్మని పంపించి, తలుపు దగ్గరగా వేశాడు.

"ఈసారి ఆయాసం ముదిరితే నోట్లో గొట్టం వేసి మిషను పెట్టాలమ్మా. పెట్టాక తీయడం కష్టం. ఆయనకు చెప్పొద్దు, భయపడతాడు."

బుద్ధిమంతురాలిలా తలూపాను. బయట బల్ల మీద నాయన నా కోసమే కాచుకుని ఉన్నాడు.

"మా ఫ్యాక్టరీలో నా జతగానికి గొట్టం పెట్టింది సూసినా పాపా. మాట కూడా పోయె. నాకు మాత్రం పెట్టిచ్చొద్దు. ఈ మాట డాక్టరుకు చెప్తావా?"

"థూ, ఏం మాటలు నాయనా అవి! నీకేం కాదు, లే."

"నువ్వు చెప్పకుంటే నేనే పోయి చెప్తా."

"లోపల శానా మంది ఉండారు. మల్లా వచ్చినప్పుడు చెబుదాంలే" అని చేయి పట్టి లేపాను. బస్సు పోతుందని తొందరపెట్టాను. నిజానికి బస్సుకు ఇంకా గంట టైముంది. ఇద్దరి మాటలూ నా దగ్గరే ఆగిపోయాయి.

రెండు నెలలకు నాయనకు ఊపిరాడక పెదాలు నీలమయ్యాయి. ఆస్పత్రి వరండాలో అదే డాక్టరు కాగితం పట్టుకుని నన్ను అడిగాడు.

"గొట్టం వేయాలి. దీని గురించి ఆయన ముందెప్పుడైనా ఏమన్నా అన్నాడా?"

పక్కనే ఉన్న చిన్నాయన అందుకున్నాడు. "మా అన్న గట్టోడు సార్. ఏమేం చేయాల్నో అన్నీ చేయండి."

డాక్టరు మాత్రం నా వైపే చూస్తున్నాడు. చెబితే, నాయనను చేతులారా చంపుకున్న కూతుర్ని నేనే అవుతాను. చెప్పకపోతే ఆయన గతేమిటని అంతదూరం ఆలోచించలేదు, ఒట్టు.

"ఏమీ అనలేదు సార్" అని సంతకం పెట్టాను.

మూడో రోజు ఆయనకు తెలివి వచ్చింది. గొట్టం పీక్కోకుండా రెండు చేతులూ గుడ్డతో మంచానికి కట్టేశారు. నేను చేయి పట్టుకోగానే నా అరచేతిలో వేలితో గీశాడు. ఏటవాలుగా ఒక గీత, దాన్ని కోస్తూ ఇంకొకటి. మళ్లీ గీశాడు. గోరు గుచ్చుకునేలా గీశాడు.

అప్పుడే డాక్టరు మంచం దగ్గరికి వచ్చాడు. "ఏం రాస్తున్నాడమ్మా?"

చిన్నాయన నా వెనకే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చెబితే మొన్నటి అబద్ధం కూడా బయటపడుతుంది. ఎంత పిరికిదాన్నో నాకు ఆ రోజు తెలిసింది.

"ఏం లేదు సార్. చేయి దురద పెడతాండాదేమో."

నాయన కళ్లు తెరుచుకునే ఉన్నాయి. చెవులకేం, బాగానే వినిపిస్తాయి. కట్టు సాగినంత మేర చేయి పక్కకు లాక్కున్నాడు.

ఆ తర్వాత ఆరు రోజులు బతికాడు. రోజూ ఆయన వేళ్ల కింద నా అరచేయి పెట్టి కూర్చున్నాను. మళ్లీ ఏమీ గీయలేదు.